క్లివ్‌డెన్ సౌధము: నాడు దొరసానుల యిల్లు, నేడు పూటకూళ్ల యిల్లు

ఇల్లు చూచి యిల్లాలిని చూడుమను సామెత మన సోదరీమణు లెరుగనిది కాదు. ఇంగ్లండు దేశమున నొక మేడను చూచినపుడు మాకీ సామెత మాటిమాటికి జ్ఞప్తికి వచ్చినది. అందు కాపురము చేసిన యిల్లాండ్రు పెక్కురు గతించిరి. మేడయు రెండు మారులు కాలిపోయి మూడవ మారు కట్టబడినది. నేడందు ఇల్లాలే లేదు. పైకము చెల్లించినవారి కెల్లరకు నొక రాత్రి మాత్రము తమ యిల్లగు పూటకూళ్ల యిల్లది. దాని పేరు క్లివ్‌డెన్.

లండను నగరమునకు పడమరగా నిరువదియైదు మైళ్ల దూరమున, బకింగ్‌హాంషైరు మండలములో, థేమ్సు నది యొడ్డున నీ సౌధము నిలిచియున్నది. మేము పాడింగ్టను స్టేషనులో రైలెక్కి, టాప్లో యను చిన్న యూర దిగి, అచటినుండి మోటారులో పోయితిమి. తోట ద్వారము దాటిన పిమ్మట మొదట కన్నుల బడునది పెద్ద చలువరాతి గుల్ల. దానిచుట్టును స్త్రీమూర్తులు, నీటి ధారలు. దానికి ప్రేమనిర్ఝరమని పేరు. అచటినుండి తిన్నని విశాలమైన బాట మేడ ముంగిటికి చేర్చును. మేడకు ప్రక్కగా నూరడుగుల యెత్తు గల గడియారపు గోపురమొకటి బంగారు పూతతో మెరయుచుండును. 1861లో కట్టిన యీ గోపురము చూపునకు అలంకారమే గాని, నిజమునకది నీళ్ల తొట్టిని మోయు కట్టడము. ఇంటికి కావలసిన నీళ్లన్నియు దానినుండియే వచ్చుటకు దానిని కట్టిరి.

మేడ వెనుకకు, అనగా దక్షిణపు వైపునకు, పోయినపుడు గాని ఈ స్థలము యొక్క మహిమ తెలియదు. సుద్దరాతి కొండచరియ మీద, నదికి నూరడుగులకు పైబడిన యెత్తున, విశాలమైన వేదికపై మేడ యున్నది. దాని పాదముల చెంత తివాసి పరచినట్లు పచ్చిక, దానియందు త్రికోణములుగా కత్తిరించిన పొదలు, అటుపైని అడవి, అడవి నడుమ వంపు దిరిగిన థేమ్సు. కొండచరియల నడుమ లోయ యని క్లివ్‌డెన్ అను మాటకు అర్థమట. ఇట్టి చోట ఇల్లు కట్టుకొనవలెనని రాజబంధువులకు, ధనవంతులకు ఆశ పుట్టుటలో వింత లేదు.

మొట్టమొదట కట్టినవాడు బకింగ్‌హాము ప్రభువైన జార్జి విలియర్సు. రెండవ చార్లెసు రాజునకు నేస్తుడు. 1666 ప్రాంతమున నాయన యీ పని ఆరంభించెను. ఆయన ష్రూస్‌బరీ ప్రభువు భార్యయెడల మోహము పెంచుకొని, 1668 జనవరిలో ఆ ప్రభువుతో కత్తియుద్ధము చేసి, ఆయనను గాయపరచెను. ప్రభువు రెండు నెలలకు మరణించెను. ఆ పోరు జరిగినది లండను చెంతనే యైనను, దాని గుర్తుగా ఒక కత్తి యాకారమును, 1668 అను అంకెయు క్లివ్‌డెన్ పచ్చికలో నేటికిని కానవచ్చును. దానిని చూచి జనులు విలాసముగా నవ్వుకొందురు. మాకు మాత్రము బకింగ్‌హాము ధర్మపత్ని మేరీ జ్ఞప్తికి వచ్చినది. భర్త యా స్త్రీని తన యింటికే తీసికొనిరాగా, ఇద్దరము ఒక కప్పు క్రింద నుండరాదని మేరీ పలికెనట. అటులైన నీకు పుట్టింటికి పోవుటకు బండి సిద్ధము చేయించితినని భర్త బదులిచ్చెనట. ఆ కాలమున దినచర్య వ్రాసికొన్న పెప్సుగారు ఈ సంగతిని వ్రాసియుంచిరి. పచ్చికలో కత్తికి గుర్తున్నది గాని ఆ బండికి గుర్తు లేదు.

పిమ్మట నీ యింట కౌలుకున్నవాడు రెండవ జార్జి రాజు జ్యేష్ఠ కుమారుడు, వేల్సు యువరాజు ఫ్రెడరికు. ఆయన తన కూతురు పుట్టినరోజు వేడుకలో, 1740 ఆగస్టు 1వ తేదీన, ఇచట నొక సంగీత నాటకమాడించెను. రూల్ బ్రిటానియా యను పాట మొదటిసారి వినబడినది ఆనాడే. తమ జాతి స్వాతంత్ర్యమును, సముద్రాధిపత్యమును గొనియాడు పాట యది. తరువాత ఇరువదియారేండ్లకు, అనగా 1766లో, మన ఉత్తర సర్కారులు ఆంగ్లేయ కంపెనీ చేతికి పోయినవి. ఆ తోటలో నిలుచుండి యీ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన తలచుకొనునపుడు, స్వాతంత్ర్యమనునది తమకొక కొలత, పరులకొక కొలతగా నుండుట తెలుగు మనసునకు తట్టకమానదు. ఈ కొలతల సంగతి క్లివ్‌డెన్ చరిత్రలో మరల మరల వచ్చును.

1795లో ఆ మొదటి మేడ కాలిపోయినది. దాసి యొకతె రాత్రివేళ ప్రక్కమీద క్రొవ్వొత్తి వెలుగున పుస్తకము చదువుకొనుచుండగా నిప్పంటుకొనెనని చెప్పుదురు. అది నిజమో, పనివారిమీద నేరము మోపుటకు అల్లిన కథయో గాని, పగలంతయు చాకిరిచేసి, రాత్రి కాసింత చదువుకొనవలెనని తపించిన యా పేరులేని పిల్లయందు మాకు జాలి కలిగినది. ముప్పది యేండ్లవరకు శిథిలముగా నుండి, 1820 తరువాత మరల కట్టబడిన రెండవ మేడయు 1849 నవంబరులో కాలెను. కొలది మైళ్ల దూరమున విండ్సరు కోటలోనున్న విక్టోరియా రాణి ఆ పొగను చూచి అగ్నిమాపక యంత్రములను పంపెనందురు.

నేడు నిలిచియున్న మూడవ మేడను 1850-51 సంవత్సరములందు కట్టించినవారు సదర్లండు ప్రభువు దంపతులు. శిల్పి సర్ చార్లెసు బారీ. లండనులో పార్లమెంటు భవనమును నిర్మించిన బారీయే యితడు. ఇటలీ దేశపు మేడల పోలికతో మూడంతస్తులు లేపెను. చూరు క్రింద నలుదిక్కుల లాటిను భాషలో శాసనము చెక్కబడియున్నది. తరువాత నాలుగుమారులు ప్రధానమంత్రియైన గ్లాడ్‌స్టనుగారు దానిని రచించిరి. ఈ స్థలమున మొదట ఎవరు పునాది వేసిరి, పిమ్మట ఎవరు కట్టిరి యను విషయమందున్నది. కట్టిన కూలీల పేరు లే దేశపు శాసనములందును ఉండవు గదా.

సదర్లండు ప్రభువు భార్య హారియెట్టు విక్టోరియా రాణికి ప్రియసఖి. రాణి కొలువులో స్త్రీల కుండు పదవులలో నెల్ల నున్నతమైన వస్త్రాధికారిణి పదవిని నాలుగు మారులు వహించినది. దాస్యమనిన ఆమెకు రోత. 1852లో ఆమె తన లండను మేడయందు స్త్రీల సభ కూర్చి, అమెరికాలో నీగ్రోలను బానిసలుగా నుంచుట మాన్పింపుడని ఆ దేశపు సోదరీమణులకు విన్నపము సిద్ధము చేయించినది. దానిమీద ఐదు లక్షలకు పైగా ఆంగ్ల స్త్రీలు చేవ్రాళ్లు చేసిరి. ఆ చేవ్రాళ్లు ఇరువదియారు సంపుటములైనవి. 1853లో అంకుల్ టామ్స్ కాబిన్ గ్రంథకర్త్రి హారియెట్ బీచర్ స్టోవుగారు లండనునకు వచ్చినపుడు ఆమెను ప్రభ్వి తన మేడకు పిలిచి గౌరవించెను. స్త్రీలకు ఓటు గాని, వివాహితలకు తమ సొత్తుమీద హక్కు గాని లేని దినములలో ఐదు లక్షల స్త్రీలు పరదేశపు బానిసలకొరకు చేవ్రాలు చేయుట సామాన్యమా?

అయినను కథయంతయు చెప్పకుండుట న్యాయము కాదు. ఆ మేడకు, ఆ విందులకు ధనమెచ్చటినుండి వచ్చినది? సదర్లండు వంశమునకు స్కాట్లండు ఉత్తరమున విశాలమైన భూములుండెను. హారియెట్టు అత్తగారి కాలములో, గొర్రెలను మేపుటవలన కౌలు హెచ్చుగా వచ్చునని, తరతరములుగా నున్న కాపులను వేలకొలది వెడలగొట్టిరి. స్ట్రాత్‌నేవరు లోయయందు 1814, 1819 సంవత్సరములలో నిండ్ల కప్పులకు నిప్పుపెట్టిరి. ముసలివారు, బాలెంతరాండ్రు సముద్రతీరమున ఇసుకనేలకు చేరిరి. అప్పుడు లండనులో తలదాచుకొనియున్న కార్లు మార్క్సు 1853లో నొక అమెరికా పత్రికకు వ్రాయుచు, అమెరికా బానిసలకొరకు కన్నీరు విడుచు ప్రభ్వి సొంత భూములలో జరిగిన దానిని మరచెనేమని ఎత్తిపొడిచెను. ఆ పని చేయించినది హారియెట్టు కాదు; ఆమె కోడలిగా వచ్చునాటికే అది జరిగిపోయినది. కాని దాని ఫలము మాత్రమామె యింట చేరెను. ఆమె దయ బూటకము కాదు, మార్క్సు మాటయు బూటకము కాదు. రెండును ఒక యింటిలోనే యున్నవి. ఇదియే మమ్ములను క్లివ్‌డెన్‌లో మిక్కిలి ఆలోచింపజేసిన విషయము.

1868లో ప్రభ్వి గతించిన పిమ్మట మేడ ఆమె అల్లుడైన వెస్టుమినిస్టరు ప్రభువునకు చేరి, 1893లో అమెరికా కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫు ఆస్టరునకు అమ్ముడుపోయినది. ఈయన రోమునందలి బోర్ఘేసీ తోటనుండి రాతి పిట్టగోడను, పారిసు చెంతనున్న ఆనియర్ సౌధమునుండి భోజనశాల గోడల చెక్కపనిని కొని తెప్పించి యిచట నమర్చెను. 1906లో తన కుమారుడు వాల్డార్ఫునకు వివాహము కాగా, ఈ మేడను పెండ్లి కానుకగా నిచ్చివేసెను. ఆ కోడలే నాన్సీ ఆస్టరు.

నాన్సీ 1879లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున జన్మించినది. ఆమె పుట్టింటివారు ఒకప్పుడు బానిసల చాకిరిమీద వర్తకము చేసి, అంతర్యుద్ధమువలన దరిద్రులై, మరల తేరుకొన్నవారు. పదునెనిమిదేండ్లకు చేసికొన్న మొదటి పెండ్లి భర్త తాగుడువలన చెడిపోయినది. ఆ బాధ యామె మనసును వీడలేదు. క్లివ్‌డెన్ యిల్లాలైన పిమ్మటను ఆమె మద్యము ముట్టదు. మొదటి మహాయుద్ధమున ఆస్టరు దంపతులు తమ తోటలో కెనడా రెడ్‌క్రాసువారికి వైద్యశాల కట్టుకొనుటకు చోటిచ్చిరి. గాయపడి వచ్చిన సిపాయిలను నాన్సీ ప్రక్కప్రక్కకు పోయి హాస్యములాడి ధైర్యము చెప్పెడిది. కోలుకొననివారి సమాధులు నలుబదికి పైగా చరియ ప్రక్కనున్న పల్లపు తోటలో నున్నవి. అచట నిలిపిన స్త్రీ విగ్రహమునకు శిల్పి నాన్సీ ముఖమునే మాదిరిగా గొనెను. మేము పోయిన దినమున ఆ చోట పక్షుల కూతలు తప్ప వేరు సవ్వడి లేదు.

1919లో మామగారు మరణింపగా వాల్డార్ఫునకు ప్రభుపదవి సంక్రమించి, ప్రభువుల సభకు పోవలసినవాడై, ప్రజల సభలో ప్లీమతు పట్టణపు స్థానమును విడువవలసివచ్చెను. ఆ స్థానమునకు నాన్సీ నిలిచి గెలిచెను. డిసెంబరు 1వ తేదీన లాయిడు జార్జి, బాల్ఫూరులు ఇరుప్రక్కల నడువగా సభలో ప్రవేశించెను. అంతకు ముందేడు ఐర్లండులో మార్కీవిచ్ ప్రభ్వి యెన్నికయైనను తన దేశ స్వాతంత్ర్యమునకై సభకు పోలేదు. కావున బ్రిటిషు పార్లమెంటులో నాసీనురాలైన మొదటి స్త్రీ నాన్సీయే. ఇంట చూచినను బారీ కట్టిన గోడలే, సభలో చూచినను బారీ కట్టిన గోడలే. కాని రెండవ చోట ఆమెకు స్వాగతము తక్కువ. పెక్కుమంది సభ్యులామెతో మాటాడనైన మాటాడకుండిరి. అయినను 1945 వరకు ఆమె స్థానము విడువలేదు. పదునెనిమిదేండ్లకు లోబడినవారికి పానశాలలలో మద్యము అమ్మరాదని 1923లో శాసనము చేయించినది. భర్త తాగుడు చూచిన స్త్రీ చేయించిన శాసనమది. మన నెల్లూరు మండలములో దూబగుంట స్త్రీలు 1992లో సారాయి అంగళ్లను మూయించినది ఇట్టి దుఃఖముననే గదా.

ఆ సంవత్సరములందే మన దేశమునను తలుపులు తెరచుకొనజొచ్చినవి. 1921లో చెన్నరాజధాని స్త్రీలకు ఓటుహక్కు లభించినది. 1927లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు చెన్నపురి శాసనమండలికి ఉపాధ్యక్షురాలైరి. 1946లో మన దుర్గాబాయిగారు రాజ్యాంగ సభలో ప్రవేశించిరి. వీరెవరికిని మేడలు పెండ్లి కానుకలుగా రాలేదు.

నాన్సీ గుణములతోపాటు దోషములును చెప్పవలెను. 1930 తరువాత ఆమె యింటి విందులకు వచ్చు పెద్దలు హిట్లరుతో రాజీయే మేలని నమ్మిరని పత్రికలు వారిని క్లివ్‌డెన్ ముఠా యని పిలిచినవి. యూదులను, కాథలిక్కులను గూర్చి ఆమె యాడిన పరుషవాక్యములును మరువదగినవి కావు. స్త్రీలకు తలుపు తెరచినచేయియే యితరులమీద తలుపు వేయజూచినది. హారియెట్టువలె నాన్సీయు కొంత చూచినది, కొంత చూడలేదు.

ఈ మేడలో మాకు మిక్కిలి యిష్టురాలైనది ఏ ప్రభ్వియు కాదు, రోజినా హారిసను. యార్కుషైరులో పేదయింట పుట్టిన యీమెకు దేశములు చూడవలెనని కోరిక. దొరసానుల స్వంతదాసియైన యెడల వారితోపాటు తిరుగవచ్చునని తలచి ఫ్రెంచి భాషయు, కుట్టుపనియు నేర్చుకొన్నది. 1928లో ఆస్టరుల యింట చేరి, మరుసటి యేడునుండి నాన్సీకే దాసియై, 1964లో నాన్సీ మరణించువరకు ముప్పదియైదేండ్లు కొలిచెను. నాన్సీ నోరు పదునైనది. మొదట రోజినా వెక్కి వెక్కి యేడ్చెడిదట. పిమ్మట మాటకు మాట బదులు చెప్పనారంభించెను. ఆశ్చర్యమేమనగా, నాటినుండియే యజమానురాలికామెమీద గౌరవము కలిగినది. తన సేవాజీవితమును రోజినా 1975లో పుస్తకముగా ప్రకటించినది. క్రొవ్వొత్తి వెలుగున చదివి నిందపడిన దాసి నుండి, స్వయముగా పుస్తకము వ్రాసిన దాసి వరకు నూట ఎనుబదియేండ్లు పట్టినది.

అట్టి దాసదాసీ జనము లేనిదే యింతటి మేడ నడువదు. రెండు యుద్ధముల పిమ్మట పనివారు దొరకుట అరుదయ్యెను. యజమాని మరణింపగానే వారసులమీద పడు పన్ను భారమయ్యెను. ఆ దేశమున వందలకొలది మేడలు ఈ కారణములచేతనే కూల్పబడినవి. దూరాలోచనగల వాల్డార్ఫు 1942లోనే క్లివ్‌డెన్‌ను నేషనలు ట్రస్టునకు దానముచేసి, కాపురముమాత్ర మందే యుండెను. ఆ ట్రస్టును 1895లో స్థాపించిన మువ్వురిలో నొకరు ఆక్టేవియా హిల్ అను విదుషి; బీదలకు మంచి యిండ్లకొరకు పాటుపడినది. 1961లో ఈ యీతకొలను చెంత మంత్రి ప్రొఫ్యూమో ఒక యువతిని కలిసికొన్న వృత్తాంతము ఆ ప్రభుత్వమునే కదలించినది. ఆ కథను లోకమంతయు చెప్పుకొన్నది గనుక మేము పెంచము. 1966లో మూడవ ఆస్టరు ప్రభువు గతింపగా కుటుంబము తరలిపోయెను. 1969 నుండి 1983 వరకు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులిచట చదివిరి. ఆ దశకపు నడుమనుండి సౌధము పూటకూళ్ల యిల్లైనది. తోటయు, అడవియు ట్రస్టువారి టిక్కెట్టు కొన్నవారెవరైనను చూడవచ్చును.

మేమందు బస చేయలేదు. అంతటి వెల మావంటివారికి కాదు. పెద్ద హాలులో తేనీరు మాత్రము పుచ్చుకొంటిమి. గోడలకు ఓకు చెక్కల పూత, బ్రస్సెల్సు నేత తెరలు. పొయ్యి చెంత చిత్రకారుడు సార్జెంటు 1908లో వ్రాసిన నాన్సీ పటమున్నది. తెల్లని వస్త్రము ధరించి, చేతులు వెనుకకు పెట్టుకొని, మెడ త్రిప్పి మనవైపు చూచును. మొదట ఆమె వీపుమీద కొడుకును కూర్చుండబెట్టి వ్రాయదలచి, బాలుడు కుదురుగా నుండనందున మానెనని చెప్పుదురు. చేతులు మాత్రమట్లే వెనుక నుండిపోయినవి. బిడ్డను విడిచిన తల్లి చేతులవలె అవి మాకు దోచినవి. ప్రభువులు మాత్రమే ప్రవేశించిన ముంగిటి తలుపున మేము ప్రవేశించితిమి. ద్వారమున నిలిచిన యువకుడు మాకును వారికి వంగినట్లే వంగి నమస్కరించెను. పైకమునకు వంగినను, పుట్టుకకు వంగుటకన్న నది మేలని మా తలంపు.

2018 మే 18వ తేది రాత్రి ఈ మేడలో నొక పెండ్లికూతురు, ఆమె తల్లి బస చేసిరి. మరునాడు విండ్సరులో విక్టోరియా రాణి వంశపు యువరాజు హ్యారీని వివాహమాడిన మేఘను మార్కెలే ఆ పెండ్లికూతురు. ఆమె తల్లివైపు పూర్వులు అమెరికాలో బానిసలుగా నుండినవారు. హారియెట్టు ప్రభ్వి ఏ స్త్రీలకొరకు ఐదు లక్షల చేవ్రాళ్లు కూర్చెనో, వారి సంతతివారు ఆమె కట్టించిన యింట అతిథులై నిదురించిరి. ఆ ప్రభ్వి యిది చూచియున్న సంతసించియే యుండును.

సోదరీమణులారా, ఇల్లు చూచి యిల్లాలిని చూడుమను సామెతను మేము క్లివ్‌డెన్‌లో మరియొక తీరున చదువుకొంటిమి. చలువరాళ్లను, నేత తెరలను చూచి కాదు. ఆ యింటివారి చూపు ఎంతదూరము పోయినదో, ఎచట ఆగిపోయినదో చూచి ఇల్లాలిని తెలిసికొనవలెను. హారియెట్టు చూపు సముద్రము దాటినది గాని తన భూముల గట్టు దాటలేదు. మన చూపు మాత్రము? దూరదేశపు అన్యాయమును పత్రికలో చదివి కన్నీరు కార్చు మనయిండ్లలో, అంట్లు తోము స్త్రీకి వేరు గ్లాసు, వేరు పళ్లెము పెరటి గూటిలో నుండుట నేటికిని అరుదు కాదు. మేడ కాలినను, అమ్ముడుపోయినను మరల కట్టుకొనవచ్చును. ఆ గ్లాసును గూటినుండి తీసి తక్కిన గ్లాసులతో చేర్చుటకు మాత్రము శిల్పి యక్కరలేదు, పైకమక్కరలేదు. ఇల్లాలు చాలును.